వూచ్‌లో వినిపించే కుంచె

జెనోబియా చెవులు ఆమె కంటే ముందు నిద్ర లేస్తాయి. కళ్ళు తెరవకముందే పై అంతస్తులో ఎవరు ఏ కాలి మీద బరువు వేసి నడుస్తున్నారో తెలుస్తుంది. వంటింట్లో ఫ్రిజ్ ఆగి మళ్ళీ మొదలయ్యేటప్పుడు దాని గొంతులో ఒక జీర. వీధి చివర ట్రాము మలుపు తిరుగుతూ పట్టాను గీరుతుంది. ఆ గీరుడును బట్టి రాత్రి వాన పడిందో లేదో చెప్పగలదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. పోలండ్‌లోని వూచ్ నగరంలో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. చెవులకు ఉద్యోగం పోయి పాతికేళ్ళు దాటింది. అయినా అవి రోజూ డ్యూటీకి వెళ్తూనే ఉన్నాయి.

ఆమె చేసిన ఉద్యోగం వినడం.

అడవి మధ్య ఒక చిన్న ఊళ్ళో గ్రామఫోన్ రికార్డులు నొక్కే ఫ్యాక్టరీ ఉండేది. పంతొమ్మిదో ఏట అందులో చేరింది. యంత్రాల హాలుకు దూరంగా, వరసగా ఆరు గాజు తలుపుల గదులు. ఒక్కో గదిలో ఒక టేబులు, ఒక ప్లేయరు, హెడ్‌ఫోన్లు, సిరా దిండు, ఒక రబ్బరు ముద్ర. కొత్త నికెల్ మూసను యంత్రానికి ఎక్కించగానే దాంట్లోంచి వచ్చిన మొదటి రికార్డు ఆ గదుల్లో ఒకదానికి వచ్చేది. దాన్ని మొదటినించి చివరిదాకా వినాలి. ఆ తర్వాత ప్రతి యాభయ్యో రికార్డుకూ రెండు పక్కలా తొలి నిమిషం, చివరి నిమిషం వింటే చాలు. టిక్కుమన్నా, గరగరమన్నా, బుస్సుమన్నా చీటీ మీద రాసి వెనక్కి పంపాలి. ఏమీ లేకపోతే ముద్ర కొట్టాలి. జెనోబియా ముద్ర నంబరు పద్నాలుగు.

పని నేర్పినావిడ పేరు బ్రొనిస్వావా. పొట్టి మనిషి, తెల్ల కోటు, జేబులో ఎప్పుడూ మెంతాల్ బిళ్ళలు. మొదటి రోజే చెప్పింది.

"సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు నీ నోట్లో ఏదైనా పాట ఆడుతోందనుకో, పొద్దున్నించి నువ్వు పని చెయ్యలేదన్నమాట. తెలిసిందా పిల్లా?"

తెలిసింది. ఆరు నెలల్లో చెవులు దారికొచ్చాయి. కిటికీ అద్దాలు తుడిచే మనిషికి అవతలి తోట కనబడదు, అద్దం మీది మరక కనబడుతుంది. అలాగే పాట అవతల ఉండిపోయింది. సింఫనీలు వెళ్ళిపోయాయి, పిల్లల కథలు వెళ్ళిపోయాయి, కొండ ఊళ్ళ ఫిడేళ్ళు వెళ్ళిపోయాయి. ఆమెకు మిగిలింది వాటి కింద ఉన్న నిశ్శబ్దం ఒక్కటే. దాంట్లో గీత పడిందా లేదా అన్నదే చూసుకునేది. పెళ్ళిళ్ళలో అందరూ తిరుగుతూ నాట్యం చేస్తుంటే ఆమె గోడ పక్కన నిలబడి అకార్డియన్ తిత్తికి ఎక్కడ చిల్లు పడిందో వెతికేది.

ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి తప్పింది.

పంతొమ్మిది వందల డెబ్బై రెండు, అక్టోబరు, శనివారం. అడవిలోంచి పొగమంచు వచ్చి కిటికీలకు ఆనుకుని కూర్చుంది. యంత్రాల హాల్లో దీపాలు పసుపు మరకల్లా ఉన్నాయి. సెవెరిన్ గ్రోహాల్ అనే పియానో మనిషి, అతని ముగ్గురు తోటివాళ్ళు కలిసి చేసిన జాజ్ రికార్డు. కొత్త మూస, మొదటి రికార్డు. మొదటి పక్క విని బాగుందని రాసింది. రెండో పక్క తిప్పింది. చివరి పాట పేరు 'నదికి అటు'. చాలా నెమ్మదైన పాట. పియానో ఒక స్వరం వేసి, అది ఎక్కడిదాకా వెళ్తుందో చూసి, అప్పుడు రెండోది వేస్తోంది.

ఎప్పుడు జరిగిందో జెనోబియాకు తెలియదు. అద్దం ఉన్నచోట అద్దం లేదు. పాట లోపలికి వచ్చి ఆమె ఎదుట కూర్చుంది. ఎవరో తలుపు తట్టకుండా వచ్చి, కోటు కూడా విప్పకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నట్టు. ఎంతసేపో. ముల్లు చివరి గాడిలో పడి తిరుగుతుంటే ఉలిక్కిపడి చూసుకుంది. చీటీ మీద ముద్ర కొట్టి ఉంది. తనే కొట్టింది.

సాయంత్రం అడవి దారిలో సైకిలు తోసుకుంటూ వెళ్తుంటే నోట్లో ఆ పాట ఆడుతోంది. దారి మధ్యలో నిలబడిపోయింది.

సోమవారం అందరి కంటే ముందు వెళ్ళి నమూనాగా అరలో ఉంచిన ఆ మొదటి రికార్డు తీసి మళ్ళీ వింది. చివరి పాట మూడో వంతు గడిచాక మొదలైంది. బుస్. ఒక చుట్టు. బుస్. మరో చుట్టు. మూస మీద ఎక్కడో గోరంత మసక ఉంది. రికార్డు తిరిగినప్పుడల్లా ముల్లు ఆ మసక మీదుగా వెళ్తోంది. పాట చివరి నిమిషానికి ముందే అది ఆగిపోతుంది. అందుకే ప్రతి యాభయ్యో రికార్డు విన్నవాళ్ళకు కూడా దొరకలేదు. పని నేర్చుకుంటున్న పిల్లకు కూడా దొరికే తప్పు. అప్పటికి ఆ మూస అరిగిపోయి దించేశారు. దాంట్లోంచి వచ్చిన పదకొండు వందల రికార్డులు పెట్టెల్లో సర్ది, రైలు డబ్బాలో వూచ్‌కు వెళ్ళిపోయాయి. నమూనాను మళ్ళీ అరలో పెట్టింది. ఎవరూ అడగలేదు. ఎవరికీ చెప్పలేదు.

ఫ్యాక్టరీలో రికార్డుల హాలు మూసేశాక అక్క దగ్గరికి వూచ్ వచ్చేసింది. ఒక నాటకశాలలో చూడ్డానికొచ్చినవాళ్ళ చలికోట్లు భద్రపరిచే చోట పద్దెనిమిదేళ్ళు పనిచేసింది. చలికాలం కొక్కేలకు నాలుగు వందల కోట్లు, వాటి తడి ఉన్ని వాసన, నంబరు వేసిన ఇత్తడి బిళ్ళలు. లోపల నాటకం నడుస్తుంటే గోడల గుండా గొంతులు వచ్చేవి, మాటలు వచ్చేవి కావు. ఆ పని నచ్చింది. అక్క పోయాక కూడా ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

ఏడేళ్ళ కిందట మందుల షాపుకు వెళ్ళింది. షాపు యజమాని బొజిదార్ గుమ్మడికాయలాంటి మనిషి, గడ్డం నెరిసినా నవ్వు నెరవలేదు. వెనక గదిలో ఏదో రికార్డు తిరుగుతోంది. జెనోబియా చిల్లర తీసుకుంటూ అంది.

"మీ ముల్లు ఎడమ పక్కకి వాలింది. కొంచెం చూసుకోండి."

బొజిదార్ వెనక్కి వెళ్ళి భూతద్దం పెట్టి చూసి, చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చాక చీటీ మీద ఒక చిరునామా రాసిచ్చాడు.

"శనివారం మూడింటికి రండి. మీలాంటివాళ్ళు మాకు కావాలి. కేకు కూడా ఉంటుంది."

అలా ఆమె శనివారం గుంపులో చేరింది.

గుంపు ఎనిమిది మంది. కూడేది తెయోఫిల్ ఇంట్లో, నాలుగో అంతస్తులో. తెయోఫిల్ ముప్ఫై నాలుగేళ్ళు బడిలో భూగోళం చెప్పాడు. పొడుగ్గా, నిటారుగా ఉంటాడు. మాట్లాడేటప్పుడు చేతిలో కర్ర ఉన్నట్టు గాలిలో ఏదో చూపిస్తాడు. అతని భార్య మెలానియాకు జాజ్ అంటే పంటి నొప్పి. శనివారం మధ్యాహ్నం గసగసాల కేకు కోసి బల్ల మీద పెట్టి చెల్లెలి ఇంటికి వెళ్ళిపోతుంది. వచ్చినవాళ్ళు తలుపు దగ్గర బూట్లు విప్పి, బుట్టలోంచి తమకు పట్టే చెప్పులు ఏరుకుంటారు. జెనోబియాకు ఎప్పుడూ గళ్ళ చెప్పులే మిగిలేవి, రెండు వేళ్ళు పెద్దవి.

పాత పోలిష్ జాజ్ రికార్డులు మళ్ళీ విడుదలవుతున్న కాలం అది. నెలకొకటి, రెండు వచ్చేవి. గుంపులో ఎవరో ఒకరు కొత్తది తెచ్చేవారు, తెయోఫిల్ అరలోంచి పాతది తీసేవాడు. ముందు పాతది, తర్వాత కొత్తది. ముల్లు లేచేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. లేచాక ఎవరినీ ఆపలేం.

"పాత అట్ట మీది నీలం తెల్లవారుజాము నీలం. దీని మీదిది బ్యాంకు నీలం."

"నీకు అట్టలే కావాలి. గోడకి తగిలించుకో పో."

"బేస్ ముందుకొచ్చేసింది. నా ఒళ్ళో కూర్చున్నట్టుంది."

"ఈ మధ్య నీ ఒళ్ళో కూర్చునేవాళ్ళెవరున్నార్లే, కూర్చోనీ."

చివరికి అందరూ జెనోబియా వైపు తిరిగేవారు. ఆమె టీ గ్లాసు దించి, "రెండో పక్క నాలుగో నిమిషంలో ఒక టిక్కుంది, మిగతాది శుభ్రం" అనేది. డాక్టరు రిపోర్టు విన్నట్టు అందరూ తలలు ఊపేవారు. పాట ఎలా ఉందని ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె చెప్పనూ లేదు.

చేరిన మూడో శనివారం తెయోఫిల్ 'నదికి అటు' పెట్టాడు. ఆమె కేకు ముక్క నోటిదాకా తీసుకెళ్ళి ఆపింది. చివరి పాట. మూడో వంతు గడిచింది. బుస్.

గదిలో ఏడుగురూ కళ్ళు మూసుకున్నారు.

ముల్లు లేచాక తెయోఫిల్ కొత్తమనిషి కోసం మెల్లగా చెప్పాడు. "విన్నారుగా? అది ఫ్లోరియన్ కెంపా. డ్రమ్ము మీద తీగల కుంచె. కొట్టట్లేదు, తుడుస్తున్నాడంతే. గమనించారో లేదో, లయతో పాటు పోడు. పియానో ఆగితే కుంచె ముందుకొస్తుంది, పియానో తొందరపడితే వెనకబడుతుంది. ప్రపంచంలో ఎవడూ ఇలా వాయించలేదు. మనిషి ఊపిరి తీసినట్టుంటుంది."

కెంపా పోయి ముప్ఫై ఏళ్ళు. అతని సమాధి మీద ఎవరో ఒక జత కుంచెలు పెట్టి వచ్చారు, వూచ్ వాళ్ళే. ఈ కుంచె వూచ్‌లో కొన్న రికార్డుల్లో మాత్రమే ఉంది. వేరే ఊళ్ళవాళ్ళకు వినబడదు. దానికి తెయోఫిల్ దగ్గర సమాధానం ఉంది: టేపులు రెండు. అసలు టేపు మొదటి మూసలకు వాడారు, అవి వూచ్‌కు వచ్చాయి. తర్వాత ఎవరో చేతగానివాడు డ్రమ్ము లేని టేపుతో మిగతావి నొక్కాడు. పోజ్నాన్‌లో ఒకాయన ఈ మాట నమ్మలేక రెండుసార్లు ముల్లు మార్చుకున్నాడు. అతన్ని తల్చుకుని గుంపు జాలిపడేది.

ఆ రోజే చెప్పి ఉండాల్సింది. కొత్తమనిషి, పెద్ద చెప్పులు, నోట్లో కేకు. చెప్పలేదు. తర్వాతి నెల ఇంకొంచెం కష్టమైంది. సంవత్సరం తర్వాత అసాధ్యమైంది. అదొక్కటే కారణం కాదు. తెయోఫిల్ ఆ కుంచె గురించి చెప్తుంటే వినడానికి బాగుండేది. తన జీవితంలో జరిగిన ఒకే ఒక తప్పుకు ఇంత మంచి బట్టలు తొడిగి ఎవరూ ఊరేగించలేదు.

ఈ ఏడాది అక్టోబరులో 'నదికి అటు' మళ్ళీ విడుదలైంది.

బొజిదార్ రెండు చేతులతో పట్టుకుని మెట్లెక్కాడు. ఈసారి అసలు టేపు దొరికిందని అట్ట వెనక రాసి ఉంది. తెయోఫిల్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పాతది వినలేదు. నేరుగా కొత్తది పెట్టారు. చివరి పాట వచ్చింది. మూడో వంతు గడిచింది. పియానో ఒక స్వరం వేసింది, అది వెళ్ళింది, రెండోది వేసింది. ఎవరూ ఏమీ తుడవలేదు. తెల్ల గోడలా ఖాళీ.

ముల్లు లేచింది.

"చంపేశారు," అన్నాడు తెయోఫిల్. "కెంపాని చంపేశారు."

అట్ట వెనక శబ్దం శుద్ధి చేసిన మనిషి పేరు ఉంది: యాగ్నా మ్రోచెక్. తెయోఫిల్ వారం తిరిగేలోగా ఉత్తరం రాశాడు. రెండు కాగితాలు, చక్కటి దస్తూరి. కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళకు కుంచెకూ చెత్తకూ తేడా తెలియదని, ఒక కళాకారుడి ఊపిరిని మురికిగా లెక్కగట్టి తుడిచేశారని, ఈ మనిషి చేతికి ఇంకే పాత టేపూ ఇవ్వకూడదని. ఒకటి కంపెనీకి, ఒకటి సంగీత పత్రికకు. గుంపులో ఏడుగురు సంతకాలు పెట్టారు. కాగితం జెనోబియా ముందుకు వచ్చింది.

"మీ సంతకం కింద ఫ్యాక్టరీ ఉద్యోగం కూడా రాయండి," అన్నాడు తెయోఫిల్. "మేమంటే ముసలి పిచ్చోళ్ళం. మీరు చెప్తే ఇంక నోరెత్తేవాళ్ళుండరు."

ఆమె కాగితం చూసింది. అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి.

"కళ్ళజోడు తెచ్చుకోలేదు."

"వచ్చే శనివారం తెచ్చుకోండి. ఆ అమ్మాయి కూడా వస్తోంది. బొజిదార్ పిలిచాడు. ఉరి తీసేముందు ఆఖరి మాట చెప్పుకోనివ్వాలంటాడు."

"కేకు పెట్టి మరీ ఉరి తీద్దాం," అన్నాడు బొజిదార్.

ఆ వారమంతా వూచ్ మీద మంచు దిగి ఉంది. జెనోబియా పొద్దున్నే లేచి కిటికీ దగ్గర కూర్చునేది. ట్రాములు కనబడకుండా వచ్చి వినబడుతూ వెళ్ళేవి. కళ్ళు మూస్తే ఆరు గాజు గదులు వచ్చేవి. ఆరింట్లోనూ తనే కూర్చుని ఉండేది, ఆరు వయసుల్లో. ఎవరూ తల ఎత్తేవారు కాదు. నిజం చెప్తే కుంచె పోతుంది. ఏడుగురి శనివారాలూ పోతాయి. చెప్పకపోతే ముక్కూ మొహం తెలియని ఒక పిల్ల, తప్పు వినబడితే ఊరుకోని పిల్ల, జెనోబియా చేసిన తప్పు కింద పడి పోతుంది. సంతకం అంటే ముద్రే. నంబరు పద్నాలుగు. రెండోసారి.

శనివారం యాగ్నా వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. చలికి ముక్కు ఎర్రబడింది. బుట్టలో వెతికితే పిల్లల చెప్పులు తప్ప మిగలలేదు, మడమలు బయట పెట్టుకుని నడిచింది. కేకు తిననంది. సంచిలోంచి కంప్యూటరు తీసి తెయోఫిల్ స్పీకర్లకు తగిలించింది.

"పాటకి ముందు టేపు మీద ఇరవై సెకన్లుంది. రికార్డులో రాదు. వినండి."

స్పీకర్లలో ఎవరో దగ్గారు. కుర్చీ జరిగింది. అడుగులు. తలుపు మూసుకుంది. నిశ్శబ్దం. అప్పుడు పియానో.

"ఆ వెళ్ళిపోయింది కెంపా అనుకుంటా," అంది యాగ్నా. "సిగరెట్టుకో దేనికో. ఈ పాటలో ఆయన లేడు. నేను చెరపలేదండీ."

"తలుపు చప్పుడంటే ఎవరో లోపలికొచ్చారనుకోవచ్చుగా," అన్నాడు తెయోఫిల్.

"అడుగులు దూరమవుతున్నాయి సార్."

"వెనక్కి నడుస్తూ వచ్చుంటాడు."

"డ్రమ్మరు కదా," అన్నాడు బొజిదార్. "వెనక్కి నడిచినా లయ తప్పడు."

ఎవరో నవ్వారు. యాగ్నా నవ్వలేదు. "వచ్చే ఏడాది వచ్చే పది రికార్డులూ నన్నే చెయ్యమన్నారు. మీ ఉత్తరం పత్రికలో పడితే ఇంకొకరికి ఇస్తారు. పడకూడదని అనట్లేదు. నేను చేసిన తప్పయితే పడనివ్వండి. కానీ లేనిదాన్ని ఎలా చెరపను?"

తెయోఫిల్ కాగితం, కలం తీసి జెనోబియా ముందు పెట్టాడు. "కళ్ళజోడు తెచ్చారా?"

"తెచ్చాను." తీసి పెట్టుకుంది. కలం ముట్టుకోలేదు. "అమ్మాయి చెప్పింది నిజం. కెంపా వాయించలేదు. అది మూస తప్పు. ఆ మూసని వదిలేసింది నేనే."

గది ఏం విన్నదో గదికి వెంటనే అర్థం కాలేదు.

ఆమె మళ్ళీ చెప్పింది, మొదటినించి, ఎక్కువ తక్కువలు లేకుండా. మంచు, మొదటి రికార్డు, ముద్ర, సోమవారం, రైలు డబ్బా. టేపులు రెండు లేవు. ఒకటే టేపు, మూసలు అనేకం. వాటిల్లో ఒకటి పాడు, దాంట్లోంచి వచ్చినవన్నీ వూచ్‌కు వచ్చాయి.

"అసంభవం," అన్నాడు తెయోఫిల్. "బుస్సుకీ కుంచెకీ నాకు తేడా తెలీదా?"

"మీ పాతది పెట్టండి. చేతికి గడియారం ఉందిగా. పది కుంచెలు లెక్కపెట్టండి."

పెట్టాడు. అందరూ వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టారు. పది కుంచెలకు పద్దెనిమిది సెకన్లు. ఇంకొంచెం ముందుకు జరిపి లెక్కపెట్టారు. పద్దెనిమిది. పియానో బాగా మందగించే చోట లెక్కపెట్టారు. పద్దెనిమిది.

"రికార్డు పది చుట్లు తిరగడానికి పట్టేది అంతే," అంది జెనోబియా. "కుంచె పియానోని వినట్లేదు. ప్లేయరుని వింటోంది."

బొజిదార్ కేకు పళ్ళెం కింద పెట్టాడు. "ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకి భూమి తిరుగుతోందని చెప్పావు కదయ్యా. ఇది తిరగడం చూడలేదా?"

జెనోబియా రికార్డు తీసి కిటికీ వెలుగులోకి పట్టుకుని కొద్దిగా వంచింది. నల్లటి మెరుపులో ఒకచోట, గోరంత మేర, ఎవరో ఊపిరి వదిలినట్టు మసక. తెయోఫిల్ చాలాసేపు చూశాడు.

"నలభై ఆరేళ్ళుగా తెలుసా మీకు?"

"తెలుసు."

"ఏడేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుని, నా టీ తాగుతూ, నేను కెంపా గురించి చెప్తుంటే..."

"మీరు చెప్తుంటే బాగుండేది."

ఆయన మొహం ఎర్రబడింది. ఏదో అనబోయి, వేరేది అడిగాడు. "అంత పెద్ద బుస్సు. మీ చెవికి. ఎలా తప్పిపోయింది?"

"పాట వింటున్నాను."

తెయోఫిల్ లేచి వంటింట్లోకి వెళ్ళాడు. కుళాయి తిప్పిన చప్పుడు. గ్లాసు నిండిన చప్పుడు. తాగిన చప్పుడు లేదు. తిరిగొచ్చి ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. యాగ్నాతో, "కొంచెం కేకు తినమ్మా, దూరం వెళ్ళాలి" అన్నాడు. ఇక ఎవరి వైపూ చూడలేదు.

ఇంకో ఉత్తరం రాశారని బొజిదార్ షాపులో చెప్పాడు. నాలుగే వాక్యాలు. మా పాత రికార్డులో తప్పు ఉంది, మీ టేపు సరైనది, మీ అమ్మాయి సరిగ్గా విన్నది, మేము వినలేదు. ఎనిమిదో సంతకం కోసం చోటు వదిలారు. జెనోబియా మందుల బల్ల మీదే పెట్టింది. పది రికార్డులూ యాగ్నాకే ఉన్నాయి.

"ఆయన?" అని అడిగింది.

"జలుబంటాడు. రెండు శనివారాలుగా తలుపు తియ్యట్లేదు. మెలానియా మాత్రం నాకు చాక్లెట్ పెట్టె పంపింది."

మూడో వారం, బుధవారం మధ్యాహ్నం, జెనోబియాకు తన ఇంటి మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. పొడుగు మనిషి, కుడి మోకాలు నొప్పి, చేతిలో బల్లపరుపుగా ఏదో ఉంది, గోడకు తగలకుండా పట్టుకున్నాడు. రెండో అంతస్తులో ఆగాడు. వెనక్కి వెళ్తాడేమో అనుకుంది. వెళ్ళలేదు.

తెయోఫిల్ బూట్లు విప్పాడు. అతనికి పట్టే చెప్పులు ఆ ఇంట్లో లేవు, మేజోళ్ళతోనే లోపలికి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. చేతిలో పాత 'నదికి అటు'.

"రోజూ పెట్టుకుంటున్నాను," అన్నాడు. "మూస అని తెలుసు. పద్దెనిమిది సెకన్లని తెలుసు. మసక ఎక్కడుందో కూడా తెలుసు. అయినా కెంపానే వస్తాడు. పోవట్లేదు. మీరు ఎలా వింటారో నాకు నేర్పండి. తప్పుని తప్పులా వినాలి. ఇలా అయితే కష్టంగా ఉంది."

జెనోబియా దగ్గర ఉన్నది చిన్న ప్లేయరు, అక్కది. మూత మీది దుమ్ము తుడిచింది. రికార్డు పెట్టింది.

"పాట మీద మనసు పెట్టకండి. దాని వెనక్కి వెళ్ళండి. వెనక ఒక నిశ్శబ్దం ఉంటుంది. దాన్ని పట్టుకుని ఉండండి. ఏది అడ్డొస్తే అది తప్పు."

"సరే."

ముల్లు దించింది. ఇద్దరూ కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. బయట వెలుతురు బూడిదరంగులో నిలబడి ఉంది. పియానో ఒక స్వరం వేసి, అది వెళ్ళేదాకా ఆగింది. జెనోబియా అలవాటుగా పాట వెనక్కి వెళ్ళింది. ఎన్నో వేల సార్లు వెళ్ళిన దారి. నిశ్శబ్దాన్ని పట్టుకుని కూర్చుంది. మూడో వంతు గడిచింది.

బుస్ రాలేదు.

గది చివర, దీపం చాలని మూల, ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. డ్రమ్ము మీద కుంచెను నెమ్మదిగా తిప్పాడు, బల్ల మీద పిండి తుడిచినట్టు. ఆగాడు. పియానో కోసం చూడలేదు. మళ్ళీ తిప్పాడు.

"ఇప్పుడు వచ్చింది కదా, అది తప్పేనా?" తెయోఫిల్ గుసగుసగా అడిగాడు. "జెనోబియా గారూ? అదేనా?"

"కాసేపు మాట్లాడకండి," అంది ఆమె. "వింటున్నాను."